కుక్కపిల్లకు, పిల్లికూనకు రోజూ ఏం చూడాలి?

మీరు అడిగినవాటిని ముందు ఒకచోట పెడతాను. విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్. మూడు నెలల లాబ్రడార్ పిల్లను కొన్నారు. అదే వారంలో మీ అబ్బాయి సందులోంచి ఒక పిల్లికూనను ఎత్తుకొచ్చాడు. కుక్కపిల్లకు టీకా వేయించానని అమ్మినాయన నోటిమాటగా చెప్పాడు గానీ కార్డు ఇవ్వలేదు. రెండింటికీ పెరుగన్నం చాలని మీ అమ్మగారంటున్నారు. పక్క ఫ్లాటాయన కాల్షియం టానిక్ తాగించమన్నారు. ఆటలో కుక్కపిల్ల పన్ను బాబు చేతికి గీరుకుంది. వచ్చే నెల మీ చెల్లెలు పురిటికి వస్తోంది కాబట్టి పిల్లిని ఎవరికైనా ఇచ్చేయాలా అని టెన్షన్. ఇంతకీ రోజూ ఏం చేస్తే ఇవి ఆరోగ్యంగా ఉంటాయన్నది అసలు ప్రశ్న.

నేను పశువైద్యుణ్ణి. కృష్ణా జిల్లాలో ఎక్కువగా కుక్కలనూ పిల్లులనూ చూసే క్లినిక్ నడుపుతున్నాను. మీరు రాసిన వరుసలో కాకుండా, ఆగకూడని దానితో మొదలుపెడతాను.

బాబు చేతి మీద గీత. ఈ జవాబు చదవడం పక్కనపెట్టి, ఆ చోటును కుళాయి నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కాఫీ పొడి ఏదీ పెట్టొద్దు. ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించండి. ‘మన కుక్కే కదా, పిల్ల కదా’ అని ఊరుకునే విషయం కాదిది. టీకా పడిందో లేదో తెలియని కుక్కపిల్ల, అమ్మకముందు ఎక్కడ తిరిగిందో, దాన్ని ఏ కుక్క కరిచిందో కూడా తెలియదు. రేబిస్ లక్షణాలు పైకి కనిపించాక బతకడం దాదాపు అసాధ్యం, మనిషికైనా కుక్కకైనా. డాక్టరు ఇంజెక్షన్లు మొదలుపెడతారు. కుక్కపిల్ల పది రోజులూ హుషారుగా, మామూలుగా ఉంటే మిగతావి ఆపాలా అన్నది ఆయనే చెబుతారు. ఆ పది రోజులూ దాన్ని ఎవరికీ ఇవ్వకుండా మీ కళ్ల ముందే ఉంచుకోండి.

ఇక టీకాల సంగతి. కార్డు లేదంటే టీకా పడలేదనే లెక్క. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో కొన్ని వారాలు ఉంటుంది. అది ఉన్నంతకాలం మనం వేసిన టీకా సరిగ్గా పట్టదు. ఆ రక్షణ ఏ పిల్లకు ఏ వారంలో తగ్గిపోతుందో బయటికి తెలియదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేస్తాం. మీ పిల్లకు ఇప్పుడొకటి, మూడు నాలుగు వారాలాగి ఇంకొకటి, ఆ రెండోది పదహారు వారాలు నిండాక పడేలా చూసుకోండి. రక్తవిరేచనాలు పట్టించే పార్వో, ఊపిరితిత్తులనూ నరాలనూ దెబ్బతీసే డిస్టెంపర్, ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టో, ఈ జబ్బులన్నిటికీ ఆ టీకాలతో రక్షణ ఉంటుంది. రేబిస్ మూడు నెలలకు వేసేయొచ్చు, తర్వాత ఏటా. పిల్లికీ రేబిస్ టీకా ఉంది. దాంతోపాటు ‘ట్రైక్యాట్’ అని మూడు జబ్బులకు కలిపి వేసేది ఒకటి. ఇంట్లోనే ఉండే పిల్లికి ఎందుకండీ అని చాలామంది అడుగుతారు. పార్వోలాంటి వైరస్‌లు చెప్పుల కిందే ఇంట్లోకి వస్తాయి, నేల మీద నెలల తరబడి బతుకుతాయి. టీకాలు పూర్తయ్యేదాకా కుక్కపిల్లను పార్కులో, రోడ్డు మీద నేలకు దించకండి. ఎత్తుకుని తిప్పితే ఫర్వాలేదు. జులై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) పేరిట పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. 1885లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి ఈ టీకా ఇచ్చిన రోజది. అయితే మీరు అప్పటిదాకా ఆగకండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. రోజూ ఏం చేయాలి? టానిక్కులు, పౌడర్లు, ఖరీదైన షాంపూలు కాదు. రోజుకు పది నిమిషాలు దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని ముక్కు నుంచి తోక దాకా చేతులతో తడమండి. నా దగ్గరికి ఆలస్యంగా వచ్చే కేసుల్లో చాలావాటికి ఇంట్లో రెండు మూడు రోజుల ముందే ఏదో ఒక గుర్తు కనిపించి ఉంటుంది. చూసినవాళ్లు ఉండరు, లేదా చూసినా అదేమిటో తెలిసి ఉండదు.

ఎక్కడెక్కడ చూడాలో చెబుతాను. పై పెదవి ఎత్తండి. చిగురు గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలితో ఒక్కసారి నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. లాబ్రడార్లకు చిగుళ్ల మీద నల్ల మచ్చలు ఉంటాయి, అవి పుట్టుకతో వచ్చినవే. అలాంటప్పుడు మచ్చ లేని చోటో, కింది కనురెప్ప లోపలి భాగమో చూడండి. పాలిపోయి తెల్లగా ఉంటే రక్తం తగ్గింది, పచ్చగా ఉంటే కామెర్లు, ఇటుక రంగులో ఉంటే ఒళ్లు కాగిపోతోంది. మూడింట్లో ఏది కనిపించినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మీ కుక్క చిగురు ఎలా ఉంటుందో ఫోన్లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. తేడా వచ్చినప్పుడు పోల్చుకోవడానికి అంతకంటే మంచి సాధనం లేదు.

ముక్కు పొడిగా ఉంటే జ్వరం అనే మాట నమ్మకండి. నిద్ర లేచిన కుక్క ముక్కు పొడిగానే ఉంటుంది. మెడికల్ షాపులో దొరికే డిజిటల్ థర్మామీటర్ ఒకటి వాటి కోసం విడిగా కొనండి. కొనకు కాస్త వాసలీన్ రాసి మలద్వారంలో పెట్టి చూస్తే కుక్కకైనా పిల్లికైనా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు మామూలే. మన లెక్కన అది జ్వరంలా కనిపిస్తుంది గానీ వాటికి కాదు. 103 దాటితే ఫోన్ చేయండి.

తర్వాత చెవులు. లోపల గోధుమరంగు గుజ్జు, పుల్లటి వాసన, తల విదిలించడం ఉంటే ఇన్ఫెక్షన్. వేలాడే చెవులున్న లాబ్రడార్లకు వానాకాలంలోనూ స్నానం తర్వాతా ఇది ఎక్కువ. పిన్నులు, ఇయర్‌బడ్‌లు లోపలికి దూర్చకండి. ఆ తర్వాత పాదాలు, వేళ్ల సందులు. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే మన ప్రాంతంలో కుక్కల్ని ఎక్కువగా పీడించేది ఇక్కడే దాక్కుంటుంది.

పిడుదులు, కొన్ని ఊళ్లలో గోమార్లంటారు. చెవి మడత లోపల, మెడ పట్టీ కింద, చంకల్లో, వేళ్ల మధ్య చూడండి. చిన్నప్పుడు ఆవగింజంత ఉండి కంటికి ఆనదు. రక్తం తాగాక బూడిదరంగులో శనగ గింజంత అవుతుంది. అది కుక్క మీదే ఉండిపోదు. ప్రతి దశలో రక్తం తాగడం, కిందికి రాలడం, గోడ పగుళ్లలోనో తలుపు ఫ్రేము వెనకో సోఫా కుట్ల సందులోనో దూరడం, కొత్త దశలో మళ్లీ కుక్క మీదికెక్కడం. ఆడ పిడుదు అలాంటి సందులోనే వేల గుడ్లు పెడుతుంది. ఫ్లాట్లో గోడ మీద, కర్టెన్ వెనక చిన్న పురుగు పైకి పాకుతూ కనిపిస్తే అది సాలీడు పిల్లేమో అనుకోకండి, కాళ్లు లెక్కపెట్టకుండా టేపుతో అంటించి తెచ్చి చూపించండి. కుక్కకు మందు వేశాం, అయినా పోవడం లేదు అనేవాళ్ల ఇంట్లో పిడుదులు కుక్క మీద కంటే గోడల్లోనే ఎక్కువ ఉంటాయి. అందుకని మందు ఒక్కసారి వేసి ఊరుకుంటే లాభం లేదు, వరుసగా కొన్ని నెలలు వేయాలి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి, పగుళ్లు పూడ్చాలి, మూలలన్నీ వ్యాక్యూమ్ చేయాలి.

వీటి కాటు దురదతో ఆగదు. ఎర్లీకియా, బబీసియా అనే జబ్బులు వీటి ద్వారానే వస్తాయి. తిండి మానేయడం, వచ్చి పోయే జ్వరం, నీరసంతో మొదలవుతుంది. ఎర్లీకియాలో రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఒకసారి ఒకాయన తన జర్మన్ షెపర్డ్‌ను ముక్కులోంచి రక్తం కారుతుంటే తీసుకొచ్చారు. బంతి తగిలిందేమో అనుకున్నారట. పొట్ట మీద వెంట్రుకలు పక్కకు తీసి చూస్తే చర్మం కింద సూదిమొనంత ఎర్ర చుక్కలు, కమిలిన మచ్చలు. చెవి మడతలో రెండు పిడుదులు ఇంకా అంటుకునే ఉన్నాయి. బబీసియాలో ఎర్ర రక్తకణాలే పగిలిపోతాయి కాబట్టి మూత్రం కాఫీ రంగులోకి మారుతుంది, చిగుళ్లు తెల్లబడతాయి. రెండింటికీ మందులు వేరు. అందుకే ‘పిడుదుల జ్వరం’ అని ఎవరో చెప్పిన మాత్రలు వేయకుండా రక్తం చూపించాలి. ఒక చుక్క గాజుపలక మీద పరిచి రంగువేసి మైక్రోస్కోపులో చూడటంతో మొదలవుతుంది ఆ పరీక్ష. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల్లో కూడా కుక్కలను చూస్తారు, మీకు గన్నవరం దగ్గరే. ఎర్లీకియాకు ఇచ్చే డాక్సీసైక్లిన్ సాధారణంగా నాలుగు వారాల కోర్సు. మూడో రోజుకే కుక్క లేచి తోక ఊపుతుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. జబ్బు తిరగబెట్టేది అలాంటప్పుడే.

పిడుదు కనిపిస్తే చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి తలను పట్టుకుని నిదానంగా లాగండి. కిరోసిన్ పోయడం, అగరువత్తితో కాల్చడం, వేళ్లతో నలపడం వద్దు. నివారణకు నెలకోసారి వేసే మాత్రలున్నాయి, మూడు నెలలు పనిచేసేవీ ఉన్నాయి, మెడ మీద చుక్కలుగా వేసేవి ఉన్నాయి. బరువును బట్టి డాక్టరు చెప్పింది వాడండి. ఇక మీ ఇంటికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. కుక్కలకు వాడే చుక్కల మందుల్లో, పౌడర్లలో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్నవి పిల్లికి విషం. కుక్కకు వేసినది మిగిలింది కదా అని నాలుగు చుక్కలు పిల్లికి వేశారంటే వణుకు, ఫిట్స్, ప్రాణం మీదికి వస్తుంది. కుక్కకు వేసిన రోజు పిల్లి దాన్ని నాకకుండా, పక్కన పడుకోకుండా విడిగా ఉంచండి.

పిల్లి విషయంలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. దాని కాలేయానికి కొన్ని రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి చాలా తక్కువ. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద నడిచి, ఆ కాళ్లు నాక్కుంటే ప్రమాదమే. నేల తుడవడానికి వేరేది వాడండి, లేదా బాగా ఆరాక గదిలోకి వదలండి. కుక్కకు కూడా మన నొప్పి మాత్రలు వేయొద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్‌లతో కడుపులో పుండ్లు పడి రక్తం కక్కుకున్న కుక్కలు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. బీరువాలోని కలరా ఉండలు కూడా అందకుండా పెట్టండి.

ఇక తిండి. అమ్మగారి పెరుగన్నం గురించి కోప్పడను, మన ఇళ్లలో కుక్కలు తరతరాలుగా అదే తిన్నాయి. కానీ ఆ కుక్కలు వీధిలో తిరిగి మాంసం ముక్కలు, ఎలుకలు, ఇంకేవేవో కూడా తిన్నాయి. మూడో అంతస్తులో తలుపు వేసిన ఇంట్లో దానికి ఆ అవకాశం లేదు. ఎదిగే లాబ్రడార్‌కు మాంసకృత్తులు కావాలి. అన్నం అరుగుతుంది, తప్పేం లేదు. దాంతో ఉడికించిన ఎముకల్లేని చికెన్, గుడ్డు, కాస్త క్యారెట్ లేదా గుమ్మడి ఉండాలి. ఉప్పు, కారం వద్దు. కూర పులుసు కలపకండి, మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి లేనివి అరుదు. అవి వాటి రక్తకణాలను పాడుచేస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలే వద్దు, పండగ పాయసంలోని కిస్‌మిస్ కూడా ఇందులోకే వస్తుంది. ఉడికిన కోడి ఎముకలు నిలువునా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

కాల్షియం టానిక్ మాటకొస్తే, మీ కుక్కపిల్ల కంపెనీ పప్పీ ఫుడ్ తింటుంటే ఆ సీసా తెరవకండి. పెద్ద జాతి పిల్లలకు ఈ వయసులో ఎక్కువైన కాల్షియాన్ని వద్దని తోసేసే శక్తి ఉండదు, వచ్చిందంతా పేగులు తీసేసుకుంటాయి. ఎముకలు, కీళ్లు వంకరపోయేది దానివల్ల కూడా. పూర్తిగా ఇంటి తిండే పెడితే మాత్రం కాల్షియం తక్కువవుతుంది. అప్పుడు ఎంత కలపాలో బరువు చూసి డాక్టరు చెప్పాలి, పక్కింటాయన కాదు. నాలుగు నెలలు నిండేదాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలలదాకా మూడు, తర్వాత రెండు పూటలు. లాబ్రడార్‌కు కడుపు నిండిందని తెలియదు, మీకు తెలియాలి. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే ఎముకలు తగలాలి, కంటికి పొడుచుకు రాకూడదు.

పిల్లి అచ్చమైన మాంసాహారి. పెరుగన్నంతో, పాలతో, కుక్క ఫుడ్‌తో దానికి టారిన్ అనే పోషకం సరిపడా అందదు, గుండె, చూపు దెబ్బతింటాయి. మీ ఇంట్లో శాకాహారం అయితే క్యాట్ ఫుడ్ ప్యాకెట్ కొనక తప్పదు. పాలు తాగితే చాలా పిల్లులకు పారుకుంటుంది. నీళ్లు తిండి గిన్నెకు దూరంగా రెండు మూడు చోట్ల పెడితే ఎక్కువ తాగుతుంది.

పిల్లి జబ్బును దాచుకుంటుంది, కుక్కలా మన దగ్గరికొచ్చి మూలగదు. మంచం కిందికి చేరిందంటే, ఒక రోజంతా తినలేదంటే ఫోన్ చేయండి. రెండు మూడు రోజులు తిండి లేకపోతే దాని కాలేయానికి కొవ్వు పడుతుంది, ముఖ్యంగా లావుపాటి పిల్లులకు. మగపిల్లి మలమూత్రాల కోసం పెట్టిన మట్టి డబ్బాలో మాటిమాటికీ కూర్చుంటూ, అరుస్తూ, ఒక్క చుక్క మూత్రం రాకపోతే చాలామంది మలబద్ధకం అనుకుని ఆముదం పట్టిస్తారు. అది మూత్రనాళం మూసుకుపోవడం. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అర్ధరాత్రయినా సరే బయల్దేరాల్సిన కేసు అది. అన్నట్టు, బాల్కనీకి నెట్ కొట్టించారా? పిల్లి ఎక్కడినుంచి పడినా కాళ్ల మీదే పడుతుందంటారు గానీ, మూడో అంతస్తు నుంచి పడి దవడ పగిలిన పిల్లులు కూడా వస్తుంటాయి.

ఎండాకాలం గురించి విజయవాడవాళ్లకు చెప్పాలా! కుక్కకు చెమట పాదాల అడుగున తప్ప పట్టదు, నాలుక చాచి రొప్పడమే దాని ఏసీ. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఎక్కకముందే నడక ముగించండి, సాయంత్రం రోడ్డు చల్లారాక తీసుకెళ్లండి. మీ చేతి వెనకవైపు రోడ్డుకు ఆనించి కాసేపు ఉంచలేకపోతే దాని పాదాలు కూడా ఉంచలేవు. రొప్పు ఆగకపోవడం, చిక్కటి జొల్లు, నాలుక ముదురు ఎరుపు, తూలిపోవడం ఉంటే వడదెబ్బ. ఒళ్లంతా కుళాయి నీళ్లతో తడిపి ఫ్యాన్ కింద పెట్టి, అలాగే తడిగా ఆసుపత్రికి తీసుకురండి. తడి తువ్వాలు చుట్టి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. స్నానం రెండు మూడు వారాలకోసారి చాలు, మన షాంపూ వద్దు, బాగా ఆరబెట్టాలి. పళ్లు కుక్కల పేస్టుతోనే తోమాలి, ఈ వయసులోనే అలవాటు చేస్తే ఊరుకుంటుంది. నులిపురుగుల మందు బరువును బట్టి ఆరు నెలలదాకా నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి, రెండింటికీ. కుక్కపిల్ల ఆడదా మగదా మీరు రాయలేదు. ఆడదైతే పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఆపరేషన్ కాని ఆడకుక్కలకు ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంది. అతిగా నీళ్లు తాగడం, నీరసం, కొన్నిసార్లు కింద నుంచి చీము కారడం దాని గుర్తులు. పిల్లికి అయిదారు నెలలకే చేయించేయొచ్చు.

చివరగా మీ చెల్లెలి సంగతి. పిల్లిని ఎవరికీ ఇవ్వక్కర్లేదు. అందరూ భయపడేది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి, గర్భిణికి కొత్తగా సోకితే కడుపులో బిడ్డకు ప్రమాదమని. పిల్లికి అది మొదటిసారి సోకినప్పుడు మాత్రమే, సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలపాటు మలంలో గుడ్లు పడతాయి. ఆ గుడ్లు కూడా బయట పడ్డాక కనీసం ఒక రోజు గడిస్తే గానీ అంటించే స్థితికి రావు. కాబట్టి మట్టి డబ్బా ప్రతిరోజూ శుభ్రం చేస్తే చాలావరకు భయం లేదు, ఆ పని మాత్రం మీ చెల్లెలు చేయకూడదు. పిల్లికి పచ్చి మాంసం పెట్టకండి, ఎలుకల్ని పట్టనివ్వకండి. నిజానికి సరిగ్గా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, మట్టిలో చేతులు పెట్టడం వల్ల కూడా ఇది మనుషులకు సోకుతుంది. కుండీల్లో మొక్కలు నాటే సరదా ఉంటే గ్లోవ్స్ వేసుకోమనండి. గైనకాలజిస్టుకు ఇంట్లో పిల్లి ఉందని ముందే చెప్పండి, అవసరమైతే రక్తపరీక్ష రాస్తారు. బిడ్డ పుట్టాక ఉయ్యాలకు దోమతెర కట్టి ఉంచండి. పిల్లి వెచ్చగా ఉన్నచోట పడుకోవాలని చూస్తుంది.

రేపు క్లినిక్‌కు వెళ్లేటప్పుడు రెండింటి మలం కొంచెం చొప్పున రెండు చిన్న డబ్బాల్లో, ఆ రోజుదే, పట్టుకెళ్లండి. కుక్క ఏది, పిల్లి ఏది అని మీద రాయడం మరిచిపోకండి.